బొంతగుడ్డమీద రబ్బరు ముద్ర – మనం చేయదగిన పనేనా?

రబ్బరు స్టాంపు అనగానే మన నేతపనివారికి ముందుగా జ్ఞాపకం వచ్చేది పువ్వు కాదు, లత కాదు. సంఘం ఆఫీసులో తాను మడత విప్పి, బల్లమీద పరచి, అంచు చూచి, పోగు చూచి, చివరకు తాను కొసన కొట్టే ముద్రయే జ్ఞాపకం వస్తుంది. "పాసు" అని పడితే ఆ వారపు కూలి నిండుగా చేతికి వచ్చినట్లు. "సెకండ్సు" అని పడితే ఇంటిల్లిపాది శ్రమలో తరుగు పడినట్లు. ఆ ముద్ర కొట్టే పని ఏండ్ల తరబడి మా చేతిమీదుగానే జరుగుతున్నది. ఆ చప్పుడు విన్నప్పుడు బల్లకు అవతల నిలుచున్న మనిషి ముఖం ఎట్లుంటుందో మాకు తెలుసు. అందుచేతనే ఈ వ్యాసానికి రబ్బరు స్టాంపు విషయం తీసుకున్నాము.

మేము ఉండేది షోలాపూరు. చాదర్లకూ తువ్వాళ్లకూ పేరుపడిన ఊరు. తెలుగునేల విడిచి వచ్చిన నేత కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ స్థిరపడి ఉన్నవి. నేడు ఇక్కడ మరమగ్గాల చప్పుడే ఎక్కువ; చేతిమగ్గాలు కొద్దిగా మిగిలినవి. ఆ కొద్ది మగ్గాలమీద నేసిన గుడ్డలోనూ కొంత సెకండ్సుగా పోతుంది. ఎక్కడో పేక పలుచన పడుతుంది, ఎక్కడో పడుగు పోగు తెగి గీత పడుతుంది, ఎక్కడో నూనె మరక. అట్టి తాన్లు గిడ్డంగిలో పేరుకుని, ఎలుకలు కొరకగా మిగిలినది చివరకు తూకానికి పోతుంది. గజం లెక్కన నేసినది కిలో లెక్కన అమ్మడం కంటె నేతగానికి అవమానం మరొకటి లేదు.

ఇక బొంత సంగతి. మన ఇండ్లలో బొంత ఎరుగనివారు లేరు. మహారాష్ట్రంలో దీనిని గోధడి అంటారు. ఉత్తర కర్ణాటకంలో కౌది అంటారు. ఒడిస్సాలో, వంగదేశంలో కంథా అంటారు. పేర్లు వేరైనా పని ఒకటే. పాతచీరెల పొరలు ఒకదానిమీద ఒకటి వేసి, చుట్టూ అంచు మడిచి, వరుసగా సన్నకుట్టు వేసుకుంటూ పోవడమే. పురిటిబిడ్డకు కిందా మీదా అదే, ముసలివారికి చలికాలంలో అదే. మగ్గం ఆగిన మధ్యాహ్నాలలో ఆడవారి చేతికి దొరికిన పని అదే. ఇంతకాలం దానికి ఎవరూ ధర కట్టలేదు. ఇంటి పని కాబట్టి ఇంట్లోనే ఉండిపోయినది.

ఈ రెండూ ఒకచోట కలిసినది మా వీధిలోనే. మా సంఘ సభ్యుని కోడలు ఒకామె, సంఘం సీలు చేసే దుకాణానికే పోయి, తన చేత్తో గీసిన జిల్లేడుపువ్వు బొమ్మను రబ్బరు స్టాంపుగా చేయించుకున్నది. సెకండ్సు తెల్లగుడ్డను చదరపు ముక్కలుగా కోసి, ఒక ముక్క విడిచి ఒక ముక్కమీద ఆ పువ్వు వేసి, బొంత కుట్టినది. మేము మొదట చూచి నవ్వినాము. మరునాడు మళ్లీ పోయి చూచినాము. నేతలోని తప్పు ఎక్కడున్నదో వెదికినా కనబడలేదు. గీత పడిన చోటు పువ్వు కిందికి పోయినది, నూనె మరక కోతలో పోయినది.

అప్పుడు మేము చేసిన పొరపాటు కూడ చెప్పవలసి ఉన్నది. తొందరపడి మరికొన్ని బొంతలకు పురమాయించి, ఆఫీసు ప్యాడుకు వాడే సిరానే ఇచ్చి ముద్రలు వేయించినాము. చూడడానికి ముచ్చటగానే ఉన్నవి. కొన్నవారు మొదటిసారి నానబెట్టగానే నీలిరంగు బొంతంతా పాకినది. ఒకరు బొంతను తిరిగి తెచ్చి మా బల్లమీద పెట్టినారు. ఏమీ అనలేదు. అనకపోవడమే మాకు ఎక్కువ బాధ కలిగించినది. డబ్బు వాపసు ఇచ్చినాము. కుట్టిన ఆడవారి కూలి మాత్రం తగ్గించలేదు. తప్పు వారిది కాదు, సిరా ఇచ్చిన మాది.

ఈ సంగతి సంఘం కూటంలో చెప్పినప్పుడు ఒక పెద్దాయన లేచి, "ఏమయ్యా సెక్రటరీ, పోగు పోగునా బుటా తీసిన చేతులు ఇవి. ఈ చేతులతో ఇక సీలు కొట్టమంటావా?" అన్నాడు. ఆ మాటకు మేము వెంటనే బదులు చెప్పలేకపోయినాము. చెప్పినది ఆయన కోడలే. "మామా, బుటా తీసే మగ్గం మీద ముద్ర కొట్టమని ఎవరన్నారు? మూలన పడ్డ గుడ్డమీద గదా!" అన్నది. కూటం నవ్వినది గాని, పెద్దాయన నవ్వలేదు. ఆయన నవ్వకపోవడంలోనూ న్యాయం ఉన్నది. ఆ న్యాయాన్నీ ఈ న్యాయాన్నీ తూచి చూచిన మీదట మాకు తోచిన అభిప్రాయం ఇది: ఈ పని మనం చేయవచ్చును, చేయవలెను, కాని హద్దు గీసుకుని చేయవలెను.

మొదట పని తీరు చెప్పుతాము. తీరు తెలియకుండా హద్దులు చెప్పి లాభం లేదు.

ఆఫీసు సిరా కాగితం కోసం చేసినది. అది నీటిలో కరిగే రంగు. గుడ్డను పట్టుకునే గుణం దానికి లేదు. గుడ్డకు కావలసినది పిగ్మెంటు రంగు, దానిని పోగుకు అంటించే బైండరు. ఈ రెండూ కలిసిన ముద్ద అద్దకం సామాను అమ్మే దుకాణాలలో దొరుకుతుంది. కాని ఒక్క జాగ్రత్త ఉన్నది. పిగ్మెంటు ముద్దను కిరసనాయిలు కలిపి చిక్కబరచే పద్ధతి అద్దకం శాలలలో చాలాకాలం నడిచినది. చెక్క దిమ్మకు దానివల్ల చెరుపు లేదు. సహజమైన రబ్బరు మాత్రం కిరసనాయిలు తగిలితే ఉబ్బుతుంది. గీతలు పూడి పువ్వు ముద్దగా పడుతుంది. కనుక కిరసనాయిలు లేని, నీటితో చేసిన ముద్దనే అడిగి తీసుకోవలెను.

ముద్ర వేసిన గుడ్డను ఒక దినం నీడన ఆరనిచ్చి, పిమ్మట వేడి చూపవలెను. అద్దకం శాలలలో సుమారు 150 డిగ్రీల వేడిలో 4, 5 నిమిషాలు ఉంచుతారు. ఇంట్లో ఐతే ఇస్త్రీపెట్టెను నూలుగుడ్డకు తగిన వేడిమీద పెట్టి, గుడ్డ వెనుకవైపునుండి, కదుపుతూ, ప్రతిచోటా అంతసేపు వేడి తగిలేటట్లు చూడవలెను. ముద్ద డబ్బామీద వేరు లెక్క రాసి ఉంటే ఆ లెక్కనే పాటించవలెను. ఈ ఒక్క మెట్టు తప్పితే మంచి రంగు కూడ మూడు ఉతుకులకు వదలిపోతుంది.

గుడ్డ సంగతి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు గాని, తెలిసినవారే మరచే విషయం ఒకటి ఉన్నది. మన గుడ్డలో గంజి ఉన్నది. పడుగుకు సరి పట్టించిన గంజి పోకుండా ముద్ర వేస్తే, రంగు పోగును కాక గంజిని పట్టుకుంటుంది, గంజితోపాటే పోతుంది. కాబట్టి ముందుగా వేడినీళ్లలో నానబెట్టి, సబ్బుతో ఉతికి, ఆరవేసి, ఇస్త్రీ చేసిన తరువాతనే ముద్ర. దీనివల్ల గుడ్డ ముడుచుకునేది ముందే ముడుచుకుంటుంది. లేకుంటే బొంత ఐన తరువాత ముడుచుకుని, ఒక్కొక్క చదరం ఒక్కొక్క కొలతకు వస్తుంది.

స్టాంపు బొమ్మ విషయం. కాగితంమీద వెంట్రుకంత సన్నగీత కూడ చక్కగా పడుతుంది. గుడ్డమీద పడదు. ముతకనూలు గుడ్డ ఐతే గీత సగం పోగులమీద పడి, సగం పోగుల సందులలో పోతుంది. అట్లని అరచేయంత నిండు మచ్చ కూడ రబ్బరుకు పనికిరాదు. మధ్య చుక్కలు చుక్కలుగా తెల్లబడుతుంది. నడిమిరకంగా, మందపు గీతలతో, రెండు మూడు అంగుళాల బొమ్మలు దీనికి తగినవి. మన బుటాలు, రుద్రాక్ష, గుడి అంచు, జొన్నకంకి వంటివి చక్కగా వస్తవి. దుకాణదారునికి చెప్పి గీతలమధ్య లోతు ఎక్కువగా చెక్కించుకోవలెను. నేడు చాలా ఊళ్లలో యంత్రంతో చెక్కుతున్నారు కాబట్టి ఇది కష్టం కాదు.

బల్లమీద పలుచని దుప్పటి ఒక్క మడత వేస్తే చాలును. పళ్లెంలో స్పాంజి, దానిమీద పలుచని గుడ్డ, ఆ గుడ్డమీద ముద్ద సమంగా పూసి, స్టాంపును మెల్లగా తట్టి, గుడ్డమీద నిటారుగా అద్ది, నిటారుగా ఎత్తవలెను. పని ముగిసిన వెంటనే సబ్బునీళ్లతో మెత్తని బ్రష్షుతో కడగవలెను. బైండరు ఒకసారి స్టాంపుమీద ఎండినదంటే గీతలలో పొరగట్టి ఊడిరాదు. ఎండలో పెట్టరాదు, రబ్బరు బీట తీస్తుంది.

ఇక లెక్క. 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు గల బొంత తీసుకుందాం. కుట్టిన తరువాత 10 అంగుళాలుండే చదరాలైతే అడ్డం 6, నిలువు 9, మొత్తం 54 చదరాలు కావలెను. దర్జీలు కుట్టుకు పావు అంగుళం విడుస్తారు. మన చేనేత గుడ్డ కోసిన చోట పోగులు జారుతవి కాబట్టి అర అంగుళం విడవవలెను. అనగా 11 అంగుళాల ముక్కలు కోయవలెను. 48 అంగుళాల పన్నాలో అడ్డంగా నాలుగు ముక్కలు వస్తవి. 54 ముక్కలకు 14 వరుసలు, అనగా 154 అంగుళాలు, అంటే 4 గజాల 10 అంగుళాల గుడ్డ. తప్పులున్న చోట్లు విడిచిపెట్టవలసి ఉంటుంది కాబట్టి 5 గజాలు చేతిలో పెట్టుకోవడం మంచిది. అడుగుగుడ్డా, లోపలి పొరలూ వేరు.

ఒకటి విడిచి ఒకటి ముద్ర వేస్తే 27 చదరాలు. చదరానికి 9 ముద్రల చొప్పున 243 ముద్రలు. చేయి తిరిగినవారు నిమిషానికి రెండు మూడు వేయగలరు. ఆ లెక్కన గంటన్నర నుండి రెండు గంటల పని. ముద్ర పని ఇంతే. కుట్టే పనియే దినాల తరబడి పడుతుంది. ముద్రలు కుట్టువరుసకు అడ్డం రాకుండా వేయవలెనన్నది మా ఇంటి ఆడవారు చెప్పిన మాట. పిగ్మెంటు పూత గట్టిది. దానిలో సూది దిగదు. దిగినా రంధ్రం కనబడుతుంది. చదరం లోపల ముద్ర, చదరం అంచులవెంట కుట్టు – ఇది పాటిస్తే చేతికీ సుఖం, బొంతకూ అందం.

అమ్మకముందు పరీక్ష ఒకటి తప్పనిసరి. ప్రతి రంగుతో ఒక తునకమీద ముద్ర వేసి, వేడి చూపి, తెల్లగుడ్డతో కలిపి వేడి సబ్బునీళ్లలో అరగంట నానబెట్టి రుద్దవలెను. తెల్లగుడ్డకు రంగు అంటితే ఆ ముద్దతో వేసిన చదరాలు బొంతలోకి పోరాదు. పసిబిడ్డ నోట్లో పెట్టుకునే గుడ్డ ఇది అని జ్ఞాపకం ఉంచుకుంటే మరొక హెచ్చరిక అవసరం లేదు.

ఇప్పుడు హద్దుల మాట. మొదటి హద్దు ఆ పెద్దాయన గీసినదే. మగ్గంమీద నేసిన అంచుకు, కొంగుకు, బుటాకు రబ్బరు ముద్ర దాపులకు రారాదు. సాదాచీరె నేసి ముద్రతో బుటా వేసి, బుటా చీరె అని అమ్మాలన్న ఆశ పుట్టిననాడు మన మగ్గానికి మనమే ఉరి పోసుకున్నట్లు. ముద్ర ఉండవలసిన చోటు సెకండ్సు గుడ్డ, మిగులు ముక్క, బొంత. అంతే.

రెండవ హద్దు మన పొరుగువారికి సంబంధించినది. కృష్ణాజిల్లా పెడనలో, మచిలీపట్నంలో కలంకారీ అద్దకం చేసే కుటుంబాలున్నవి. వారి పని చూచినవారికి తెలుస్తుంది. టేకు చెక్కమీద దిమ్మ చెక్కించి, రంగుకొక దిమ్మ పెట్టి, గుడ్డకు కరక్కాయ పట్టించి, పాతఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నలుపు ఒకటి, పటిక ఆధారంగా ఎరుపు ఒకటి, ఉడకబెట్టి, ఉతికి, ఆరవేసి చేస్తారు. ఆ రంగు పోగులోకి దిగుతుంది. మన రబ్బరు ముద్ర రంగు పోగుమీద అంటుకుని ఉంటుంది. రెండూ ఒకటి కావు. మచిలీపట్నం కలంకారీకి 1999 నాటి చట్టం కింద భౌగోళిక గుర్తింపు ఉన్నది. ఆ పేరును తప్పుగా తగిలించి అమ్మడం ఆ చట్టప్రకారం శిక్షార్హం.

చట్టం సంగతి అటుంచుదాం. మన నేతను మరమగ్గం అనుకరించి, చేనేత అనే చీటీ అంటించి, సగం ధరకు అమ్మినప్పుడు మన ఇండ్లలో పొయ్యి ఎట్లా ఆరినదో మనకంటె ఎక్కువ ఎవరికి తెలుసు? అదే పని మనం పెడన వారికి చేస్తే మన ఏడుపుకు ఇక విలువ ఏమున్నది? ఈ మధ్య ఒక వర్తకుడు మా బొంతలు చూచి, "దీనిమీద కలంకారీ అని రాయండి, మొత్తం తీసుకుంటాను" అన్నాడు. మేము రాయలేదు. ఆయన తీసుకోలేదు. ఆ వారం ఆడవారికి కూలి ఇవ్వడానికి మేము అప్పు చేయవలసి వచ్చినది. ఐనా రాయకపోవడమే మంచిదని నేటికీ మా నమ్మకం. బొంత మూలన ఒక చిన్న చీటీ కుట్టి, "చేతిమగ్గపు గుడ్డ, రబ్బరు ముద్ర, చేతికుట్టు" అని ఉన్నమాట రాస్తున్నాము. అడుగుగుడ్డ మరమగ్గందైతే ఆ మాట కూడ రాస్తున్నాము. చేనేత గుర్తు – 2006లో ప్రభుత్వం ప్రవేశపెట్టినది – చేతితో నేసినదని చెప్పడానికే గాని, దానిమీద వేసిన బొమ్మను గురించి చెప్పడానికి కాదు. దానిని ముద్రపనికి పూచీగా చూపరాదు.

మూడవ మాట అందరికీ రుచించకపోవచ్చును. 2019–20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివారు 35 లక్షలకు పైగా ఉన్నారు. వారిలో నూటికి 72 మంది దాకా స్త్రీలు. మన సంఘాల సభ్యుల పుస్తకం తెరచి చూచుకుంటే ఆ పాలు కనబడుతుందా? మా పుస్తకంలో కనబడలేదని సిగ్గుపడి ఒప్పుకుంటున్నాము. కండెలు చుట్టినది ఆమె, ఆసు పోసినది ఆమె, సరికి గంజి కాచినది ఆమె. కూలి మాత్రం ఇంటి యజమాని పేరున పడుతుంది. ఈ బొంతల పని మొదలుపెట్టినప్పుడు మా కమిటీలో కొందరు, "ఇంటికి ఒకే పాసుపుస్తకం చాలదా?" అన్నారు. చాలదు. బొమ్మ గీసినది ఒకరు, ముద్ర వేసినది ఒకరు, కుట్టినది ఒకరు ఐతే ముగ్గురి పేర్లూ రిజిస్టరులో ఉండవలెను, ముగ్గురి కూలీ వేరువేరుగా వారి చేతికే పడవలెను. ఈ ఒక్క సంగతిలో ఇంటి సర్దుబాటు పనికిరాదు. ఇంటి పని అన్నంతకాలం బొంతకు ధర రాలేదు. ఆడవారి పేరు రాయనంతకాలం వారి పనికీ ధర రాదు.

ఇంత రాసినంతమాత్రాన రబ్బరు ముద్ర మన కష్టాలన్నిటికీ మందు అని మేము చెప్పడం లేదు. నూలు ధర దీనితో తగ్గదు. మరమగ్గం పోటీ దీనితో ఆగదు. మగ్గం దించి స్టాంపు పట్టుకోమని ఏ యువకునికీ మేము చెప్పబోము. తూకానికి పోయే గుడ్డకు గజం ధర తేవడం, మగ్గం ఆగిన దినాలలో ఇంట్లో నాలుగు రూపాయలు కనబడడం – ఇంతవరకే దీని శక్తి. ఆ మాత్రం శక్తి గల పనులు కూడ మన చేతిలో ఎన్నో లేవు.

కాబట్టి కర్ణాటకంలో, తమిళనాట, బరంపురంలో, యానాంలో ఉన్న సోదర సంఘాలవారికి మా మనవి. మీ గిడ్డంగులు ఒకసారి తెరచి సెకండ్సు తాన్లు లెక్కపెట్టండి. మీ వీధులలో బొంత కుట్టే అమ్మలను, అక్కలను, వదినలను కూటానికి పిలవండి; వెనుక వరుసలో కాదు, బల్ల దగ్గర కూర్చోబెట్టండి. మీ ప్రాంతపు కుట్టు, మీ ప్రాంతపు బుటా మీవే. మా జిల్లేడుపువ్వును ఎత్తుకోవద్దు, మీ బొమ్మను మేము ఎత్తుకోము. మేము చేసిన సిరా పొరపాటు మీరు చేయవద్దు.

ఆ పెద్దాయన సంగతి చెప్పి ముగిస్తాము. ఆయన నేటికీ ముద్రపనిని మెచ్చుకోలేదు. కాని మొన్న ఆఫీసుకు వచ్చి, తన సెకండ్సు తాను బల్లమీద పెట్టి, "దీనిని తూకానికి వేయవద్దు. మా కోడలి పేరున రాయి" అన్నాడు. మేము ఆమె పేరుననే రాసినాము.